బుట్ట నీడ

మీసం పెట్టమంటే పెడతాడు ఇషాక్. పోయిన తాతకు కొత్త షేర్వానీ తొడగమంటే తొడుగుతాడు. స్టూడియోలో కూర్చుని నలుపు తెలుపు ఫోటోల మీద రంగులద్దడం అతని పని. పెళ్లికూతురి చీర ఎరుపా, ఆకుపచ్చా అన్నది కూడా ఎవరో ఒకరు చెప్పాలి, అతను వేయాలి. అందుకే బజారులో పట్టుబట్టలమ్మే రామలింగయ్య "నీ ఇష్టం" అన్న పొద్దు నుంచి అతనికి చేతులు ఆడడం లేదు.

"ఆరు బొమ్మలు," అన్నాడు రామలింగయ్య, కొత్త ఇంటి హాలు మధ్యలో నిలబడి గోడ వైపు చేయి ఊపుతూ. సున్నం వాసన ఇంకా పోలేదు. "దేవుళ్లు అర్రల మస్తున్నరు. హాల్ల ఏరే ఉండాలె. ఒకదానెంక ఒకటి సూస్తుంటే ఒక్క ముచ్చట చెప్పినట్టుండాలె. ఏం ముచ్చటన్నది నీ ఇష్టం."

"చార్మినార్ గీయనా సేట్?"

"కిటికీ తెరిస్తే చార్మినారే అవుపడ్తది. మళ్ల గోడ మీదెందుకయ్యా?"

"గోలకొండ?"

"మా అన్న ఇంట్ల ఉన్నది."

"పూలకుండీలు గిట్ల..."

రామలింగయ్య ఇషాక్ భుజం మీద చేయి వేసి గుమ్మం దాకా నడిపించాడు. "బేస్తారం దాంక సోంచాయించు మియా. నీకు తోచకుంటే బొంబాయి నుంచి అచ్చు బొమ్మలు తెప్పిస్త, అద్దాలు కట్టిస్త. లొల్లి ఖతం."

ఇషాక్‌కు ఆ అచ్చు బొమ్మలు తెలుసు. నెమలి పక్కన ఆడమనిషి, హంస పక్కన అదే ఆడమనిషి. ఆ గోడ వాటి పాలైతే తను మళ్లీ తాతల మీసాల దగ్గరికి పోవాల్సిందే. ఇన్నాళ్లు గీసిన వాటిలో కింద మూలన తన పేరు రాసుకోగల బొమ్మ ఒక్కటీ లేదు. రాసుకునే అవకాశం వచ్చేసరికి బుర్రలో పూలకుండీ తప్ప ఏమీ లేదు.

పత్తర్‌గట్టిలో అత్తరు దుకాణం మీద రెండు గదులు వాళ్లవి. మెట్లెక్కి వెళ్లేసరికి ముందు గదిలో సగం సామాను మూటలై ఉంది. బజారు ముందు వరసంతా రాతితో కొత్తగా కడుతున్నారు. శనివారం లోపు మీది అంతస్తుల వాళ్లు ఖాళీ చేయాలి. ఛత్రినాక అవతల ఇల్లు కుదిరింది. మంచి ఇల్లే. వాకిలి ఉంది, బావి ఉంది, ఆడవాళ్లకు అనువుగా చుట్టూ నిలువెత్తు గోడ ఉంది. వీధి వైపు కిటికీ మాత్రం లేదు.

అతన్ని పెంచిన పినతల్లి షౌకత్ బీ మూటలు కట్టడం ఆపి కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. కిటికీకి వెదురు పుల్లల చిల్మన్ వేలాడుతుంటుంది. లోపలి నుంచి చూస్తే బజారు కనిపిస్తుంది, బయటి నుంచి చూస్తే వెదురు కనిపిస్తుంది. ఆమె కూర్చునే చోట గచ్చు నున్నగా అరిగి చిన్న పళ్లెంలా గుంటపడింది.

"వచ్చినవా బేటా? జెర ఆగు, నడినెత్తి ఎండ దిగకముందే పండ్లు తీసుకుంట." ఆమె చిల్మన్ అంచు బెత్తెడు లేపి, తాడు కట్టిన బుట్టను కిందికి వదిలింది. కిటికీ చెక్క మీద తాడు ఒరిసిన గాడిలోనే తాడు జారింది. కింద బాబూమియా పండ్ల బండి. అతనికి ఏమీ చెప్పనక్కర్లేదు. ఈ కాలంలో జామకాయలు, రేగుపండ్లు. ఏ ఇంటికి ఎన్నో అతనికి తెలుసు. డబ్బులు తర్వాత ఇషాక్ ఇచ్చేస్తాడు.

తాడు రెండుసార్లు కదిలింది. ఆమె పైకి లాగింది. బుట్ట అడుగున పచ్చటి మోదుగాకు, దాని మీద పండ్లు.

"సూసినవా తమీజ్? మర్యాదంటే గిది!" అంది షౌకత్ బీ ఆకును చూపిస్తూ. ఈ మాట ఆమె వారానికోసారైనా అంటుంది. "ముందుగల్ల ఆకు ఏస్తడు, ఎన్క పండ్లు. నవాబులకు గూడ గింత ఇజ్జత్‌తోని ఇయ్యరు."

"ఛత్రినాకల గూడ పండ్లమ్మెటోళ్లుంటరు ఖాలమ్మా."

"ఉంటరు, ఉండకేం." ఆమె ఒక రేగుపండు తీసి అతని చేతిలో పెట్టింది. "గోడ అవుతల ఉంటరు."

మర్నాడు పొద్దున ఇషాక్ బొగ్గు కడ్డీ, కాగితాలు తీసుకుని బజారులో ఇరానీ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఇంకేమీ తోచకపోతే బజారు మనుషుల్నే గీద్దామని. ముత్యాల సేటు, నీళ్ల తిత్తి మోసే ఆయన, పూలు కట్టే సత్తెమ్మ, బాబూమియా. బాగా కుదిరాయి. ముఖాల్లో గీతలు, కళ్ల కింద సంచులు, అన్నీ వచ్చాయి. అయినా కాగితాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటే, ఎవరైనా గీయగల బొమ్మల్లాగే ఉన్నాయి. ఉంటే ఉన్నాయి. అచ్చు బొమ్మల కంటే నయం. ఇంకో సంగతి కూడా తోచింది. కిటికీ పోతున్న ఖాలమ్మకు ముందు ఇవి చూపిస్తే సంతోషిస్తుంది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, మొదటి కాగితం వెనక దాచుకుని ఆమె ముందు కూర్చున్నాడు.

"ఇదెవరో చెప్పు ఖాలమ్మా."

ఆమె చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. వెలుతురుకు పట్టి చూసింది.

"మంచిగున్నడు. ఎవరు, మీ స్టూడియో సాహెబా?"

"కాదు. మంచిగ సూడు."

"గీ ముక్కున్నోణ్ని నేనెన్నడు సూడలే బేటా."

ఇషాక్ నవ్వాడు. తనను ఆటపట్టిస్తోంది అనుకున్నాడు. "మన బాబూమియా ఖాలమ్మా!"

ఆమె నవ్వలేదు. కాగితం దగ్గరగా పెట్టుకుంది. మళ్లీ దూరంగా పట్టుకుంది. బొగ్గు గీతల మీద, చుబుకం దగ్గర, వేలు ఆనీ ఆనకుండా పెట్టింది.

"వానికి గడ్డం ఉన్నదా?" అంది.

ఇషాక్ మిగతావి కూడా తీశాడు. తీయకుండా ఉంటే బాగుండేదని తర్వాత అనుకున్నాడు. ముత్యాల సేటును చూసి ఆమె తల అడ్డంగా ఊపింది. తిత్తి మోసే ఆయన ముఖం చూసి, "గింత ముసలోడా?" అంది. సత్తెమ్మ కాగితాన్ని మళ్లీ వెలుతురుకు పట్టింది. అందరి గురించీ ఆమెకు తెలుసు. సత్తెమ్మ కూతురికి ఎప్పుడు నొప్పులొచ్చాయో, ముత్యాల సేటు అన్నదమ్ములు ఎందుకు మాట్లాడుకోరో ఇషాక్‌కు ఈ కిటికీ దగ్గర చెప్పింది ఆమే.

"బయటికి పోయినప్పుడన్న సూడలేదా?" అన్నాడు నెమ్మదిగా.

"ఎప్పుడు సూస్త? పెండ్లికి పోతే రిక్షకు దుప్పటి కట్టి కొంచవోతిరి. సచ్చినోళ్ల మయ్యత్‌కు పోతే దుప్పటి కట్టి కొంచవోతిరి. గీ బజార్ల నుంచే పోయిన. అందరి పక్కపొంటే పోయిన." ఆమె కాగితాలు ఒక దొంతిగా సర్ది, అంచులు సమం చేసి, అతని ఒళ్లో పెట్టింది. "ముప్పై ఏండ్ల సంది గీ బజార్ల అందరు నాకు ఎర్కే అనుకుంటి."

కింద ఎవరో గుర్రపుబండి వాణ్ని తిడుతున్నారు. మామూలుగా అయితే ఆమె చిల్మన్ దగ్గరికి జరిగేది. జరగలేదు. ఇషాక్ తన బొమ్మల వైపు చూసుకున్నాడు. బొగ్గు అంటిన వేళ్లు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆమె ఆ దొంతిని వేలితో తట్టింది. "నాకెర్కైన బాబూమియా గిట్లుండడు గదరా." మూట మీది పిండి సంచీ పక్కకు జరిపి, రాలిన పిండిలో వేలితో గుండ్రంగా ఒక సున్న చుట్టింది. "గిది టోపీ. గీడ, జెర ఎడమ దిక్కు, పెసరగింజంత కుట్టు. పోయిన రంజాన్‌కు కొత్తది కొన్నడు. నాలుగు దినాలు పెట్టుకొని మళ్ల పాతదే పెట్టిండు. కొత్తది ఒత్తుకున్నదో ఏందో. గివి భుజాలు. కుడి భుజం కొంచెం ముందుకు. గివి చేతులు, ఎప్పుడు పండ్ల మీదనే ఉంటయి. కాళ్లు అవుపడవు, వేళ్లు మాత్రం బయటికొస్తయి."

ఇషాక్ ఆ పిండి బొమ్మ చూసి లేచి, చిన్నప్పుడెప్పుడో తప్ప కూర్చోని చోట, ఆ అరిగిన గచ్చు పళ్లెంలో మోకాళ్లు పెట్టి, చిల్మన్‌కు కన్ను ఆనించాడు. బాబూమియా ఉన్నాడు. సున్న, పెసరగింజంత కుట్టు, ముందుకొచ్చిన భుజం. ముక్కు లేదు, గడ్డం లేదు. ఎవరని అడిగితే ఇంకెవరినీ చెప్పలేని బాబూమియా.

"ఖాలమ్మా," అన్నాడు కన్ను తీయకుండానే, "ఆ జాఫ్రానీ పగ్డీ ఎవరిది?"

"జరుగు, సూడనియ్యి." ఆమె అతన్ని మోచేత్తో నెట్టి పక్కనే కూర్చుంది. "గాయినే ముత్యాల సేటు. తేజ్‌గ పోతున్నడంటే ఇంట్ల లొల్లి అయ్యింది."

ఆ రోజు మిగిలిన ఎండ, తర్వాతి రోజు ఎండ మొత్తం ఇషాక్ అక్కడే గడిపాడు. స్టూడియోకు జ్వరమని కబురు పంపాడు. ఇంత కష్టం ఉంటుందని అనుకోలేదు. మనిషిని పైనుంచి గీయాలంటే నేర్చుకున్నదంతా మర్చిపోవాలి. నిలువు అంతా ముడుచుకుపోతుంది. పొడుగు మనిషికీ పొట్టి మనిషికీ తేడా నీడ ఒక్కటే. రెండుసార్లు గీసినవి చూస్తే పుట్టగొడుగుల్లా వచ్చాయి. "కాళ్లెందుకు గంత పెద్దగ పెడ్తవురా, ఏనుగా?" అని షౌకత్ బీ మూటలు కడుతూనే దిద్దింది. నీళ్ల రంగు పలచగా పూసి, తడి ఆరకముందే నీడ దించడం చేతికి వచ్చాక బొమ్మలు నేల మీద నిలబడ్డాయి.

ముత్యాల సేటు కుంకుమపువ్వు రంగు తలపాగా. నీళ్ల తిత్తి కింద తల పూర్తిగా మాయమైన మనిషి. సత్తెమ్మ తట్టలో చుట్టిన చేమంతి దండ, దాని పక్కన పాపిట. దుప్పటి కట్టిన రిక్షా, పైనుంచి చూస్తే గుడ్డ కప్పిన పెట్టె. దుప్పటి సందులోంచి రెండు వేళ్లు అంచు పట్టుకుని ఉన్నాయి. అది గీస్తున్నంతసేపూ షౌకత్ బీ ఒకే మూట ముడిని విప్పి మళ్లీ కడుతూ ఉంది.

ఐదోది ఆమె పట్టుబట్టి గీయించింది. "గా రూమాల్ సేటును మర్సినవు. ఎదురు వరసల, మెట్టు మీదికి వస్తడు, అటిటు సూస్తడు, టోపీ తీసి నెత్తి తుడుసుకుంటడు, ఎవలన్న సూసిరేమోనని జల్దిన పెట్టుకుంటడు. రోజు గిదే పని." అతను రావడమూ, తుడుచుకోవడమూ, కప్పుకోవడమూ ఇషాక్ అప్పుడే చూశాడు. నడినెత్తే తప్ప ముఖం కనిపించక ఎవరో పోల్చుకోలేదు, కానీ ఆ తొందర అతనికి బాగా నచ్చింది.

బేస్తవారం నాడు కాగితాలు చుట్టుకుని రామలింగయ్య కొత్త ఇంటికి వెళ్లాడు. రామలింగయ్య ఒక్కో బొమ్మనూ గోడకు ఆనించి, వెనక్కి నడిచి, తల పక్కకు వంచి చూశాడు.

"గిదేందయ్యా?"

"బజారు సేట్. మీది నుంచి."

"మనుషుల మొఖాలేయి?"

"మీది నుంచి చూస్తే అవుపడవు సేట్."

"అవుపడనివి గీయనీకి నువ్వెందుకు? సున్నం ఏసెటోడు చాలు." అంటూనే ఇంకోసారి చూశాడు. కోపంగా లేడు, ఇబ్బందిగా ఉన్నాడు. బొంబాయి అచ్చు బొమ్మల మాట ఎలా ఎత్తాలా అని వెతుక్కుంటున్నాడని ఇషాక్‌కు అర్థమైంది. కాగితాలు చుట్టడానికి వంగాడు.

"జెర ఉంచుండ్రి." లోపలి గుమ్మంలోంచి రామలింగయ్య భార్య లక్ష్మీకాంతమ్మ వచ్చింది. చేతులకు పసుపు. "గట్ల గోడకు పెడితే ఏం తెలుస్తది? కింద పరువుండ్రి." తనే ఐదింటినీ నేల మీద వరసగా పరిచి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మెట్లెక్కి, హాలు చుట్టూ ఉన్న మీది వసారాలోకి వెళ్లింది. కమ్మీ మీద నుంచి కిందికి చూసింది. హాలంతా మోగేలా నవ్వింది.

"ఓయమ్మో! గా చివరాఖరిది మా ఇంటాయనే!"

"ఎవలు? నేనా?"

"మీరు గాక ఎవలు? నడినెత్తిన గా బోడి మచ్చ నాకు తెల్వదా? టోపీ కింద దాస్తే దాగుతదా?"

రామలింగయ్య చెయ్యి తనంతట తనే తల మీదికి పోయింది. ఇషాక్ ఐదో బొమ్మ వైపు, ఎదురుగా ఉన్న మనిషి వైపు, మళ్లీ బొమ్మ వైపు చూశాడు. ఏడేళ్లుగా ఎరిగిన మనిషి. "కసమ్ సేట్, నాకు తెల్వదు," అన్నాడు. నిజమే చెప్పాడు గానీ నమ్మేలా లేదు.

"ఉంచుండ్రి గివి," అంది లక్ష్మీకాంతమ్మ పైనుంచే. నవ్వు ఇంకా ఆగలేదు. "పాత ఇంట్ల ఇన్నేండ్ల సంది మీది నుంచి సూసుడే నా పని. నాకెర్కైన మనుషులుంటరు హాల్ల."

రామలింగయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆరోది ఏది?"

"వస్తది సేట్."

"గది తెచ్చినంక చెప్త. గీ అయిదోదాన్ల మాత్రం టోపీ పెట్టు మియా."

"పెట్టకుండ్రి," అంది పై నుంచి గొంతు.

ఆరోది బాబూమియా కావాలి. ఆ సంగతి ఇషాక్‌కు మొదటి నుంచీ తెలుసు. నాలుగుసార్లు గీసి నాలుగుసార్లు పక్కన పెట్టాడు. టోపీ వచ్చింది, కుట్టు వచ్చింది, ముప్పై ఏళ్లు మాత్రం రాలేదు. చివరికి అందులో ఒకటి పట్టుకుని శుక్రవారం పొద్దున కిందికి దిగి బండి దగ్గర నిలబడ్డాడు.

"బాబూ చాచా, మా ఖాలమ్మకు నువ్వు గిట్ల అవుపడతవు."

బాబూమియా కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. "ఎవరిది బేటా గీ పాత టోపీ?" అని, టోపీ తీసి చేతిలో తిప్పి, కుట్టు కనపడగానే గబుక్కున పెట్టేసుకున్నాడు. "పెద్ద బీబీ గిది సూసిందా? యా అల్లా."

"నీకు మా ఖాలమ్మ ఎట్ల అవుపడ్తది?"

"తోబా! ఆడోళ్ల జనానా కిటికీ దిక్కు నేను నజర్ ఎత్తుతనా?" నిజంగానే నొచ్చుకున్నాడు. ఒక జామకాయ తీసి తుడిచాడు. "నీడ అవుపడ్తది. గంతే."

"ఏం నీడ?"

"బుట్ట నీడ. ఎండ మీదికొచ్చే యాళ్లకు ముందు నీడ దిగుతది, గిట్ల, పండ్ల మీద. ఎన్క బుట్ట." అరచేయి గుండ్రంగా చేసి రేగుపండ్ల మీద చూపించాడు. "నడుమ ఎండ చుక్క ఉంటది. మొదట్ల ఆవగింజంత ఉండె. ఇప్పుడు రేగుపండంత అయింది."

ఇషాక్‌కు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "బుట్టకు చిల్లా?"

"మెల్లగ మాట్లాడు." బాబూమియా కళ్లు దించుకునే ఉన్నాడు. "అందుకే ఆకు ఏస్త. లేకుంటే రేగుపండ్లన్ని బజార్ల పడవా?"

"ఒక్కమాట చెప్పొచ్చు గదా చాచా, ఇన్నేండ్లల్ల!"

"ఏమని చెప్త? పెద్దింటి బీబీకి, నీ బుట్ట చినిగిందని పండ్లమ్మెటోడు చెప్పి పంపిస్తడా? పోయేదేమున్నది. ఆకే గదా."

ఇషాక్ జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "రేపు ఖాళీ చేస్తున్నం చాచా. ఛత్రినాక అవుతలికి."

బాబూమియా జామకాయల కుప్ప మీద ఒకటి అటు జరిపాడు. దాన్నే మళ్లీ ఇటు జరిపాడు.

"గాడ జామకాయలు మంచిగ దొరుకుతయా?" అన్నాడు చివరికి.

ఆరో బొమ్మ మధ్యాహ్నానికల్లా అయిపోయింది. అందులో మనిషే లేడు. ఎర్రటి, పసుపుపచ్చటి రేగుపండ్ల కుప్ప. దాని మీద గుండ్రటి నీలం నీడ. ఆ నీడ నడుమ రంగు తగలకుండా వదిలేసిన తెల్లటి కాగితం చుక్క. అంచున రెండు చేతులు, మోదుగాకుతో ఎదురుచూస్తూ.

షౌకత్ బీకి చూపించాడు.

"గివి వాని చేతులు," అంది వెంటనే. "గిది నా బుట్ట నీడ. మంచిగొచ్చింది. నడుమ గీ వెలుగేందిరా? రంగు మర్సినవా?"

ఇషాక్ కిటికీ పక్కనున్న బుట్ట వైపు చూశాడంతే. ఆమె చూపు అటే పోయింది. బుట్ట తెచ్చుకుని, ఇన్నేళ్లలో మొదటిసారి తిరగేసింది. అడుగున పెట్టిన వేలు రెండో వైపుకు వచ్చింది.

"తమీజ్ అనుకుంటి," అంది. "ఊరంత చెప్పుకుంటి. నవాబులకు గూడ గిట్ల ఇయ్యరని." ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఓణీ కొంగు కళ్లకు అద్దుకుంది. "ముప్పై ఏండ్లు ఒక్కమాట అనలే, దొంగ ముండాకొడుకు."

"సేటుకు గీ చుక్క పూడ్చి ఇయ్యనా ఖాలమ్మా?"

"చెయ్యి ఇరగ్గొడ్త. బొమ్మల చిల్లు బొమ్మల్నే ఉండనియ్యి." అప్పటికే ఆమె కట్టిన మూట ఒకటి విప్పి సూదీ దారం వెతుకుతోంది. పాత ఎర్ర పైజామా గుడ్డ రెండు మడతలు వేసి, బుట్ట అడుగున అదిమి, వెదురు బద్దల చుట్టూ దారం తిప్పి తిప్పి కుట్టింది. మధ్యాహ్నమంతా అదే పని. కుట్టాక పిడికిలితో గుద్ది చూసుకుంది.

శనివారం సామాను బండి ముందు పోయింది. రిక్షా మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. రిక్షా అతను దుప్పటి కడుతున్నాడు. గదిలో ఇంకేమీ లేదు, చిల్మన్, బుట్ట, గచ్చులో ఆ గుంట తప్ప.

"ఒక్క నిమిషం," అంది షౌకత్ బీ. ఎండ మీదికొచ్చింది. చిల్మన్ అంచు బెత్తెడు లేపి బుట్ట వదిలింది. ఇషాక్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇద్దరూ కిందికి చూశారు.

నీడ జామకాయల మీద పడింది. అక్కణ్నుంచి రేగుపండ్ల మీదికి జారింది. నిండు నీడ. నడుమ వెలుగు చుక్క లేదు.

టోపీ కదలడం మానేసింది. బుట్ట వచ్చి బండి మీద ఆగింది. బాబూమియా దాన్ని వెంటనే ముట్టుకోలేదు. తర్వాత ఎత్తి, అడుగున చేయి పెట్టి, ఎర్ర గుడ్డ మీద అరచేత్తో ఒకసారి నిమిరాడు. ముందుకొచ్చిన ఆ భుజం కొంచెం లేచింది. ఇప్పుడు తలెత్తుతాడు అనుకున్నాడు ఇషాక్. ఒక్కసారి ఎత్తితే చాలు. పక్కన ఖాలమ్మ నుదురు చిల్మన్‌కు ఆనింది.

అతను తలెత్తలేదు.

బండి కింద చేయి పెట్టి ఒక మోదుగాకు తీశాడు. చొక్కాకు తుడిచాడు. ముందుగా దాన్ని బుట్ట అడుగున పరిచాడు. తర్వాత పండ్లు వేయడం మొదలుపెట్టాడు.